టీచరమ్మ కుంటలోని గుడ్లు

నా సర్వీసులో గుడ్లను ఎన్నిసార్లు తప్పుగా గుర్తుపట్టానో నాకు తెలియదు. తప్పని తెలిసింది మాత్రం ఒక్కసారి. దాని గురించే రాస్తున్నాను. ఈ మధ్యే ఉద్యోగాల్లో చేరిన పిల్లలు కొందరు నన్ను కలిసినప్పుడు, 'మీ రోజుల్లో పెద్ద విజయం ఏదైనా చెప్పండి సార్' అంటుంటారు. ఏదో ఒకటి చెప్పి పంపిస్తాను. చెప్పవలసింది ఇది.

మలేరియా శాఖలో మా ఉద్యోగాలకు కాగితం మీద పెద్ద పేర్లే ఉండేవి. ఊళ్ళో జనం మాత్రం 'దోమల సార్లు' అనేవారు. సైకిలు, చేతిసంచి, అందులో గాజు గొట్టాలు, ఒక భూతద్దం, నీళ్ళు ముంచి చూడటానికి పొడుగు కాడ ఉన్న తెల్ల గరిటె. ఎక్కడ నీరు నిలిస్తే అక్కడికి వెళ్ళి ముంచి చూడటం, దోమ పిల్లలు కనబడితే నూనె కొట్టించడం, జ్వరం వచ్చిన వాళ్ళ వేలి నుంచి రక్తపు చుక్క గాజు పలక మీదికి తీసుకోవడం, చేదు మాత్రలు మింగించడం. అంతే పని.

డెబ్భైల నడుమ నాకు ఖాజాగూడ, గచ్చిబౌలి నుంచి హఫీజ్‌పేట్ స్టేషను దాకా వేశారు. నేను గుంటూరు వైపు వాణ్ణి. పంటకాలవలు చూసి పెరిగిన కళ్ళకు ఆ బండలు, సీతాఫలం పొదలు, కంకర లారీల దుమ్ము మొదట్లో అసలు నచ్చలేదు. మనుషుల మాట కూడా నాకు వింతగా ఉండేది. ఎదుట నవ్వకపోయినా గదికి వచ్చాక నవ్వుకునేవాణ్ణి. ఈ సంగతి కథలో అవసరం కాబట్టి రాస్తున్నాను.

మలేరియా పని అయిపోయిందని అందరూ చేతులు దులుపుకున్న రోజులవి. అది అయిపోలేదు. నెమ్మదిగా తిరగబెట్టింది. పై నుంచి ఉత్తర్వులు రావడం మొదలైంది.

ఖాజాగూడ బండల పక్కన ఒక రిటైరైన సైన్సు టీచరుగారు కొంత నేల కొనుక్కుని తోట వేసుకున్నారు. ఆవిడది రాజమండ్రి ప్రాంతం. పెళ్ళి చేసుకోలేదు. హైదరాబాదు బడుల్లో పాఠాలు చెప్పి, ఆఖరికి ఊరికి దూరంగా రెండు గదుల ఇల్లు కట్టుకుని ఉండిపోయారు. తోట మధ్యలో ఒక చిన్న కుంట తవ్వించారు. తామరలకోసం కాదు, మొక్కలు తడపడానికీ కాదు. వచ్చే ప్రాణి ఏదైనా వచ్చి ఉండటానికి. కప్పలు, నత్తలు, తూనీగలు, నీటిపాములు. ఖాజాగూడ చెరువు నుంచి బిందెలో చిన్న చేపలు తెప్పించి వదిలారు. చుట్టుపక్కల వాళ్ళు టీచరమ్మకు కొంచెం తిక్క అనుకునేవారు. నేనూ అనుకున్నాను.

ఆవిడ దగ్గర ఒక నోటు పుస్తకం ఉండేది. కుంటలో కనబడిన గుడ్లన్నిటికీ పెన్సిలుతో బొమ్మలు వేసి, పక్కన ఏ జీవివో రాసేవారు. మొదటిసారి వెళ్ళినప్పుడే కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి చూపించారు. గోదురు కప్ప గుడ్లు నల్లపూసల దండలా రెండు పేటలుగా నాచుకు చుట్టుకుని ఉంటాయి. చెట్ల మీద ఉండే కప్ప నీటికి పైన, గోడకో ఆకుకో నురగ ముద్ద పెట్టి అందులో దాస్తుంది. నత్తవి ఆకు అడుగున జిగురు ముద్దలా ఉంటాయి. తూనీగ తోకతో నీటిని కొడుతూ ఒక్కొక్కటే జారవిడుస్తుంది.

"మాకు బడిలో ఇవేమీ ఉండేవి కావండి బాబూ. కప్పని కొయ్యడమే చెప్పాం పిల్లలకి. ఎలా పుడుతుందో నేనే చూళ్ళేదు. అరవై దాటాక చూస్తున్నాను" అన్నారు.

తోటపనికి పక్కనున్న రాళ్ళు కొట్టేవాళ్ళ గుడిసెల నుంచి ఒకామె వచ్చేది. ముప్పై ఏళ్ళు ఉంటాయి. భర్త క్వారీలో బండలు పగలగొట్టేవాడు. ఇద్దరు ఆడపిల్లలు. పేర్లు రాయదలచుకోలేదు కాబట్టి ఆమెను అక్క అంటాను. అప్పట్లో అలా పిలిచానని కాదు. అప్పట్లో 'ఏయ్' అనేవాణ్ణి.

ఆ సంవత్సరం తొలి వానలు బాగా పడ్డాయి. రెండో రోజో మూడో రోజో మా ఇనస్పెక్టరు నన్ను వెంటబెట్టుకుని బయలుదేరాడు. పాతబస్తీ మనిషి, మంచివాడే, నాకు జ్వరం వస్తే ఇంటి నుంచి కిచిడీ తెచ్చి పెట్టినవాడు. ఆ వారం పెద్ద డాక్టరుగారు తనిఖీకి వస్తున్నారు. దోమలు పుట్టే చోట్లు ఎన్ని పట్టుకున్నాం, ఎన్ని నాశనం చేశాం అన్న జాబితా చూపించాలి. మా జాబితా బక్కగా ఉంది.

టీచరమ్మ ఆ రోజు గేటు దగ్గరే ఎదురొచ్చారు. మొహం వెలిగిపోతోంది.

"సమయానికి వచ్చారు. పొద్దున్న కొత్తరకం గుడ్లు కనబడ్డాయి. ఎంత ఆలోచించినా నాకు అంతు చిక్కలేదు. మీరు శాఖలో వారు, మీకు తెలుస్తుంది. చూసి చెప్పండి" అన్నారు.

కుంట అంచున, నీటి మీద ఒక పొరలాగా, నల్లని చుక్కలు పరుచుకుని ఉన్నాయి. ఆవగింజకంటే చిన్నవి. వేటికవి విడివిడిగా తేలుతున్నాయి. మలేరియా దోమ గుడ్లు కూడా నీటి మీద విడివిడిగానే తేలతాయి. అయితే అవి ఇంకా చాలా చిన్నవి, పడవ ఆకారంలో ఉంటాయి, మసి రాలినట్టు కనబడతాయి. ఆ తేడా నాకు పుస్తకంలో తెలుసు. వేలు పెట్టి ఒకసారి తాకితే సరిపోయేది. సంచిలో ఉన్న భూతద్దం తీస్తే సరిపోయేది. ఇనస్పెక్టరు చూస్తున్నాడు, టీచరమ్మ నా నోటివంక చూస్తున్నారు. తడుముకుంటే పని రానివాడినని అనుకుంటారేమో అనిపించింది. నాకు అప్పటికి ఇరవై ఆరేళ్ళు.

"దోమ గుడ్లేనండి. మలేరియా దోమవి" అన్నాను.

టీచరమ్మ మొహం వాడిపోయింది. "నా కుంటలోనా?" అన్నారు.

కలుపు తీస్తున్న అక్క లేచి వచ్చింది. వంగి చూసింది.

"దోమయి గావు సారు. కప్పయి. గింత చిన్న కప్ప ఉంటది, బొటనవేలి గోరంత. రాతిరంత ఒర్రింది, మీకు ఇనరాలే. మా బండల గుంటలల్ల వానపడంగనే గివే ఉంటయి. రెండొద్దులైతే పిల్లలైతయి."

"నీకేం తెలుసు, పక్కకు జరుగు" అన్నాను.

"చిన్నప్పటి సంది జూస్తున్న సారు. చెయ్యి వెట్టి జూడు, జిగట జిగట ఉంటది."

ఆమె చెయ్యి పెట్టబోయింది. నేను గరిటెతో అడ్డం కొట్టాను. ఆమె చేతికి తగిలిందో లేదో నాకు ఇప్పటికీ సరిగా జ్ఞాపకం లేదు. తగలలేదనే అనుకుంటూ వచ్చాను.

ఇనస్పెక్టరు గడియారం చూసుకున్నాడు. "జర జల్దీ కానీయ్. నూనె కొట్టి హఫీజ్‌పేట్ పోవాలె" అన్నాడు.

టీచరమ్మ అక్క వంక చూసి, నా వంక చూసి, "ఆయన చదువుకున్నవారు, ఉద్యోగమే అది. జ్వరాలొస్తే నలుగురికీ ప్రమాదం. కానివ్వండి" అన్నారు. చేపల సంగతి అడిగారు. ఏమీ కాదన్నాను. నిజానికి ఆ సంగతి నాకు తెలియదు.

రిజిస్టరు కోసం ఆ గుడ్లు కొన్ని ఒక గాజు గొట్టంలోకి తీసుకున్నాను. తరవాత నూనె కొట్టించాను. అంత చిన్న కుంటకు కావలసినదానికంటే రెండింతలు పడింది. నీటి మీద రంగులు తిరిగాయి.

మర్నాడు పొద్దున్న ఆఫీసుకు వెళ్ళి గొట్టం తీసి వెలుతురుకు పట్టుకున్నాను. గుడ్లు పగిలి పిల్లలయ్యాయి. గొట్టంలో సన్నని తోకలతో, గాజులా తేటగా, చిన్న చిన్న కప్పపిల్లలు అతుక్కుని వేలాడుతున్నాయి. ఒకటి కదిలింది. ఒంట్లో నుంచి అటువైపు వెలుతురు కనబడుతోంది.

ఇనస్పెక్టరు వచ్చాక చూపించాను.

ఆయన గొట్టం అటూ ఇటూ తిప్పి, "కప్పలే" అన్నాడు. తరవాత నవ్వేశాడు. "అయితే ఏమాయె? నూనె కొట్టినం, మంచిదే గద. రిజిస్టరుల నీ రాత, నా దస్కతు రెండూ ఉన్నయి. ఎల్లుండి పెద్ద డాక్టరు వస్తుండు. ఇప్పుడు ఆ రాత కొట్టేసి కప్పలని రాస్తవా? ఫికర్ చెయ్యకు, పారబొయ్యి."

ఆయన అలా అన్నందుకు నాకు కోపం వచ్చిందని ఇక్కడ రాస్తే బాగుండేది. రాలేదు. ప్రాణం లేచొచ్చింది. ఎవరో పెద్దవాడు వద్దన్నాడు కాబట్టి ఇక నా పూచీ లేదు. గొట్టం తీసుకెళ్ళి పెరటి మోరీలో కుమ్మరించాను. చెంబెడు నీళ్ళు కూడా పోశాను.

ఆ రోజే సైకిలెక్కి ఖాజాగూడ వెళ్ళి ఉంటే చాలా సంగతులు చక్కబడేవి. నూనె నీళ్ళు తోడించి కొత్త నీళ్ళు పోయించవచ్చు. చేపలు మళ్ళీ తెప్పించవచ్చు. కనీసం వారం వారం వెళ్ళి నూనె కొట్టించవలసింది, నియమం అదే. నేను వెళ్ళలేదు. టీచరమ్మ మొహం చూడాలంటే భయం వేసింది. పై నెలలో నూనె డబ్బాలు అయిపోయాయి, తెప్పించడానికి ఆలస్యమైంది. ఆ ఆలస్యం కూడా నాకు సౌకర్యంగానే ఉంది.

ఒకసారి టీచరమ్మ ఎవరి చేతో చీటీ పంపించారు. చేపలన్నీ వెల్లకిలా తేలాయని, కప్పల అరుపు ఆగిపోయిందని, తూనీగలు రావడం లేదని, మళ్ళీ చేపలు వదలవచ్చో లేదో వచ్చి చెప్పమని. ఆవిడ చీటీలో నింద లేదు. నేను జవాబు ఇవ్వలేదు.

వానాకాలం పోతూ పోతూ జ్వరాలు మొదలయ్యాయి. రాళ్ళు కొట్టేవాళ్ళ గుడిసెల నుంచి తెచ్చిన గాజు పలకలు ఒకదాని తరవాత ఒకటి మలేరియా అని తేలాయి. ఆ గుడిసెలకూ టీచరమ్మ తోటకూ మధ్య ఒక ముళ్ళకంచె అడ్డం, అంతే.

మాత్రలు తీసుకుని వెళ్ళేసరికి అక్క భర్త మూడు రోజులుగా జ్వరంతో ఉన్నాడు. మనిషిని ఎత్తి కూర్చోబెడితే కళ్ళు తెరిచాడు గాని ఎవరినీ గుర్తుపట్టలేదు. అది మెదడుకు ఎక్కే రకం. మాత్రలతో లొంగేది కాదు. దవాఖానకు తీసుకెళ్ళాలన్నాను. బస్సు సాయంత్రం గాని లేదు. క్వారీ నుంచి కంకర దించి వస్తున్న లారీని ఆపి, వెనక గోనెలు పరిచి పడుకోబెట్టారు. అక్క అతని తల ఒళ్ళో పెట్టుకుంది. నేనూ ఎక్కాను.

దారంతా గుంతలు. లారీ ఎగిరినప్పుడల్లా ఆమె రెండు చేతులతో అతని తలను గట్టిగా పట్టుకునేది. ఒక చోట, "సారు, జర మెల్లగ పొమ్మను" అంది. నేను క్యాబిన్ మీద కొట్టాను. డ్రైవరు మెల్లగా నడిపాడు. మెల్లగా నడపడం మంచిదో, తొందరగా పోవడం మంచిదో నాకు తెలియలేదు. షేక్‌పేట దాటకముందే ఆమె చేతులు ఆగిపోయాయి. తల వదిలిపెట్టలేదు, గట్టిగా పట్టుకోవడం మానేసింది. నాకు అప్పుడు అర్థమైంది.

రెండు రోజుల తరవాత ఇనస్పెక్టరుతో కలిసి తోటకు వెళ్ళాను. నీళ్ళు అలాగే ఉన్నాయి, నూనె ఏనాడో పోయింది. గరిటె ముంచాను. దోమ పిల్లలు. నీటి పై పొరకు ఆనుకుని, అడ్డంగా పడుకుని, తెల్ల గరిటె నిండా. మలేరియా దోమవే, సందేహం లేదు. మళ్ళీ ముంచాను. మళ్ళీ నిండా వచ్చాయి. ఆ నీటిలో వాటిని తినడానికి ఒక్క ప్రాణి లేదు. ఉన్నవాటినన్నిటినీ నేను చంపాను.

నిజం చెప్పాలంటే క్వారీ గుంతల్లో కూడా దోమ పిల్లలు దొరికాయి. అతన్ని కుట్టిన దోమ ఎక్కడ పుట్టిందో ఎవరూ చెప్పలేరు. ఈ మాట నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను. ఒక్కసారి కూడా పనిచెయ్యలేదు.

టీచరమ్మ వరండాలో కూర్చుని ఉన్నారు. నోటు పుస్తకం ఒళ్ళో ఉంది. నల్ల చుక్కల బొమ్మ పక్కన 'మలేరియా దోమ గుడ్లు. శాఖవారు గుర్తించినవి' అని గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది.

"మీరు అప్పుడే హెచ్చరించారు. అప్పుడే పూడ్పించేసి ఉండాల్సింది. నా సరదా ఒక మనిషిని మింగేసిందండి బాబూ" అన్నారు.

నోరు తెరిచాను. ఇనస్పెక్టరు నా మోచెయ్యి పట్టుకున్నాడు. గట్టిగా ఏమీ పట్టుకోలేదు. విడిపించుకోవడానికి పెద్ద బలం అక్కరలేదు. నేను విడిపించుకోలేదు.

ఆ వారమే రెండు బండ్ల క్వారీ మట్టి తోలించి కుంట పూడ్పించారు. నేను పక్కన నిలబడి చూశాను. పూడ్చినట్టు రిజిస్టరులో రాయాలి కదా. దసరా దాటాక ఆవిడ తోట అమ్మేసి తమ వైపు, చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయారు. పోయేముందు అక్క పిల్లలిద్దరినీ పట్టుకుని ఏడ్చారని తరవాత విన్నాను.

తొలి వానల నాటి ఆ తనిఖీ మాత్రం అప్పుడే బాగా జరిగిపోయింది. మా జాబితా బాగుందన్నారు.

చలికాలం వెళ్ళేదాకా ఓపిక పట్టాను. ఓపిక అనడం తప్పు, పిరికితనమే. ఒక మధ్యాహ్నం క్వారీ దగ్గరికి వెళ్ళాను. అక్క భర్త స్థానంలో ఇప్పుడు ఆమే పనిచేస్తోంది. ఎండలో కూర్చుని కంకర కొడుతోంది. ఎగిరే పెచ్చులు కళ్ళలో పడకుండా కొంగు మొహానికి చుట్టుకుంది. నేను ఎదురుగా గొంతుక్కూర్చున్నాను. ఏడెనిమిది నెలలుగా లోపల కూడబెట్టుకున్న మాటలన్నీ మర్చిపోయి, "అవి కప్ప గుడ్లేనమ్మా. నువ్వు చెప్పిందే నిజం" అన్నాను.

ఆమె సుత్తి ఆపలేదు. "నాకు ఎరుకే సారు" అంది.

"నావల్లే ఇదంతా అయింది."

"తప్పు జూసినవ్. ఎవలన్న జూస్తరు. నువ్వు మాత్రం ఏం జేస్తవ్, పిల్లగానివి. నేను గూడ గట్టిగ జెప్పకపోతి."

నాకు ఏడుపు వచ్చింది. క్షమించింది అనుకున్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఒళ్ళు తేలికైంది కూడా. అక్కడితో లేచి వచ్చేస్తే సరిపోయేది.

ఆమె సుత్తి పక్కన పెట్టి, కొంగు సర్దుకుంటూ, మామూలుగా అడిగింది. "నీకెప్పుడు ఎరుకైంది సారు?"

అబద్ధం చెప్పవచ్చు. ఈ మధ్యే అని ఉండవచ్చు. ఎందుకో చెప్పలేకపోయాను.

"మర్నాడే" అన్నాను. "మర్నాడు పొద్దున్నే."

ఆమె నావంక చూసింది. అప్పటిదాకా ఆమె కళ్ళు నేను సరిగా చూసి ఉండలేదు.

"మర్నాడే ఎరుకైందా?"

"ఔను."

"మరి టీచరమ్మకు జెప్పినవా?"

"లేదు."

"ఆమె తనదే పాపమనుకుంట పోయింది సారు. నా కాళ్ళు వట్టుకుంది. అంత పెద్ద మనిషి నా కాళ్ళు వట్టుకుంది." మెడ మీది చెమట కొంగుతో తుడుచుకుంది. "తెల్వక జేసినవనుకున్న. గిన్ని దినాలు గట్లనే అనుకున్న. ఎరుకై గూడ ఊకున్నవా?"

నేను ఏదో చెప్పబోయాను. ఇనస్పెక్టరు, రిజిస్టరు, తనిఖీ. నాకే వినబుద్ధి కాలేదు, ఆపేశాను. ఆమె మళ్ళీ కొంగు మొహానికి చుట్టుకుని సుత్తి అందుకుంది.

టీచరమ్మ చెల్లెలి ఊరు కనుక్కుని ఉత్తరం రాశాను, జరిగినదంతా దాచకుండా. జవాబు రాలేదు. అందిందో లేదో తెలియదు. రెండోసారి రాయలేదు.

ఆ తరవాత ఇంకో రెండేళ్ళు నాకు అదే ప్రాంతం. నెలకొకసారి క్వారీకి వెళ్ళి, జ్వరం వచ్చినవాళ్ళ రక్తం తీసుకోవాలి. మిగతా కూలీలు సూది చూసి వెనక్కి జరిగేవారు, నవ్వేవారు, బూతులు తిట్టేవారు. బతిమాలి, కోప్పడి తీసుకునేవాణ్ణి. అక్కను బతిమాలే పని ఎప్పుడూ పడలేదు. ఆమెకు కూడా జ్వరం వచ్చి తగ్గేది. నా వంతు వచ్చేసరికి ఎడమచేతి వేలు చాచి, మొహం బండల వైపుకు తిప్పుకునేది. నేను గుచ్చి, చుక్క పలక మీదికి తీసుకునేవాణ్ణి. వేలు ఒత్తుకోవడానికి దూది ఇవ్వబోతే తీసుకునేది కాదు. మట్టిలో తుడుచుకుని పనిలోకి వెళ్ళిపోయేది.